ఓపీ లైనులో క్యూఆర్ కోడ్: సర్కారు దవాఖానాల ‘స్కాన్ అండ్ షేర్’ సేవపై సమీక్ష

పొద్దున ఎనిమిదిన్నరకు హైదరాబాద్‌లో క్యూఆర్ కోడ్ అతికించిన ఏ సర్కారు దవాఖానా ఓపీ హాల్లోకి వెళ్లినా రెండు లైన్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో పాత చీటీ, ఆధార్ జిరాక్సు పట్టుకున్నవాళ్లు. ఇంకోదాంట్లో సెల్లు పట్టుకున్నవాళ్లు. సెల్లు లైను చకచకా కదులుతుంది, అందులో అనుమానం లేదు. గోడ మీది కోడ్ స్కాన్ చేసి, ఆభా అనే ఆరోగ్య ఖాతా వివరాలు పంపి, టోకెన్ తీసుకునే ఈ ‘స్కాన్ అండ్ షేర్’ సేవను ఇక్కడ రోగి వైపు నుంచీ, కౌంటర్ వెనక కూర్చునేవాళ్ల వైపు నుంచీ చూస్తున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం: సేవ బాగుంది, పైసా ఖర్చు లేదు, స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్లు తప్పకుండా వాడాలి. అయితే దీని ప్రాణమంతా ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరులో ఉంది. ఆ నంబరు రోగి చేతిలో లేనప్పుడు ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకున్న దవాఖానాలో ఇది నిజంగా మేలు చేస్తుంది. చేసుకోని చోట ముసలివాళ్లకూ కూలిపని చేసేవాళ్లకూ ఇంకో గోడ కట్టినట్టే.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. దాని కింద ఒక్కో మనిషికి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరే ఆభా. స్కాన్ అండ్ షేర్ 2022 అక్టోబరులో ఢిల్లీ లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మొదలై, ఆ తర్వాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. కౌంటర్ల దగ్గర గొడవలకు కారణమయ్యే ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. ఆభా కార్డు ఆరోగ్యశ్రీ కార్డు కాదు, ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డూ కాదు. దీన్ని చూపిస్తే ఆపరేషన్‌కు డబ్బులు రావు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. దాని సంగతి ఏదైనా ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరే తేలాలి. ఆభా మీ రికార్డులన్నింటినీ ఒక దారానికి గుచ్చే నంబరు, అంతే. ఇష్టముంటేనే తీసుకోవచ్చు. అది లేదన్న సాకుతో ఓపీ చీటీ ఇవ్వకపోవడం తప్పు.

ఫోన్‌లో చేయాల్సింది

సగం పని ఇంటి దగ్గరే చేసుకుని రావాలి. ఆభా యాప్ గానీ, ఆరోగ్య సేతు, ఎకా కేర్, డ్రీఫ్‌కేస్ లాంటి వాటిలో ఒకటి గానీ ఫోన్‌లో వేసుకోండి. ఆధార్ నంబరు కొడితే ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. అది కొట్టాక 14 అంకెల నంబరూ, చివర ‘ఎట్ ఏబీడీఎం’ అని ఉండే ఆభా అడ్రసూ వస్తాయి. నెట్ బాగుంటే ఐదు నిమిషాల పని. అదే దవాఖానా హాల్లో మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అక్కడ వందల ఫోన్లు ఒకే టవర్‌ను లాగుతుంటాయి, పాత భవనాల రాతి గోడలు సిగ్నల్‌ను తినేస్తుంటాయి. యాప్ డౌన్‌లోడ్ సగంలో ఆగి, నిండిపోయిన ఫోన్‌లో ఫొటోలు తుడుచుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

హాల్లోకి వచ్చాక యాప్ తెరిచి, ఆ యాప్‌లో ఉన్న స్కానర్‌తోనే కోడ్ చూడాలి. డబ్బులు పంపే యాప్ తెరిచి ‘ఈ కోడ్ పనిచేస్తలేదు’ అని వెనక్కి తిరిగేవాళ్లు చాలామంది. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటే కిరాణా కొట్టు కోడే గుర్తొస్తుంది మరి, వాళ్ల తప్పేం లేదు. పోస్టర్ మీద ‘ఏ యాప్‌తో’ అన్నది పెద్ద అక్షరాల్లో రాయకపోవడమే తప్పు. స్కాన్ అయ్యాక తెర మీద పేరు, ఆడా మగా, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, చిరునామా, ఆభా నంబరు కనిపిస్తాయి. ఒకసారి చదివి షేర్ నొక్కితే టోకెన్ వస్తుంది. దానికి గడువు ఉంటుంది. కోడ్ ఫొటోను ఇంట్లో స్కాన్ చేసి ముందే టోకెన్ తీసుకుని తీరిగ్గా వస్తే, కౌంటర్ తెర మీద అప్పటికే పేరు పోయి ఉంటుంది. హాల్లోకి అడుగుపెట్టాకే స్కాన్ చేయండి.

ఒకే ఫోన్‌లో ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఖాతాలు ఉంటే, షేర్ నొక్కే ముందు ఎవరి ప్రొఫైల్ తెరిచి ఉందో చూసుకోవాలి. తల్లిని చూపించడానికి వచ్చి కొడుకు పేరు మీద చీటీ తీసుకోవడం సులువుగా జరిగే పొరపాటు. చీటీ చించేసినా, ఆ రోజు తల్లికి రాసిన బీపీ మందులు కొడుకు ఖాతాలో చేరి కూర్చుంటాయి.

ఇంకో చిక్కు కోడ్‌లోనే ఉంది. ప్రతి కోడ్‌లో రెండు గుర్తులు దాగి ఉంటాయి: దవాఖానా నంబరు ఒకటి, కౌంటర్ నంబరు ఒకటి. జనరల్ మెడిసిన్‌కు వచ్చినవాళ్లు పక్కనే ఉన్న గైనిక్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ రానే వస్తుంది, కానీ పేరు వేరే కౌంటర్ తెర మీద పడుతుంది. మనిషి అరగంట నిలబడి ‘మీ పేరు లేదు’ అనిపించుకుంటాడు. దీనికి మందు సులువు. కోడ్ పైన డిపార్ట్‌మెంట్ పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో కోడ్ కంటే ముందు కంట పడేంత పెద్దగా రాయాలి. ఒక్కో డిపార్ట్‌మెంటుకు ఒక్కో రంగు పెట్టాలి. రెండు కోడ్‌లను ఒకే బోర్డు మీద పెట్టకూడదు, ఫోన్ ఏది ముందు పట్టుకుంటే దాన్నే చదివేస్తుంది. కోడ్ కొలతకు ఒక మోటు లెక్క ఉంది: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు. నాలుగైదు అడుగుల దూరం నుంచి చేయాలంటే కోడ్ 15 సెంటీమీటర్లు ఉండాలి. మెరిసే లామినేషన్ వేస్తే ట్యూబ్‌లైటు వెలుతురు కోడ్ మీద చారలా పడి ఫోన్‌కు కనిపించదు, మెరవని కాగితం మేలు. గాజు వెనక, జాలీ వెనక పెట్టినవి ఎందుకూ పనికిరావు.

ఓటీపీ ఎవరికి పోతోంది?

“అమ్మా, ఆధార్‌ల ఏ నంబర్ ఇచ్చిన్రు?”

“యాదికి లేదు బిడ్డా. అప్పుడు మా పెద్దోనిది ఇచ్చిన. ఆ సిమ్ము ఇప్పుడు లేదు.”

హెల్ప్ డెస్కు పక్కన గంట నిలబడితే ఈ రెండు మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఆధార్ తీసుకున్న కొత్తలో అందుబాటులో ఉన్న ఏదో ఒక నంబరు ఇచ్చారు. తర్వాత రీచార్జి చేయక ఆ సిమ్ ఆగిపోయింది. అట్లా ఆగిన నంబరును టెలికాం కంపెనీ 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంటే ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంది. కౌంటర్‌లో ‘సర్వర్ డౌన్ ఉంది’ అంటారు, రోగి నమ్మి రేపొస్తానని పోతాడు. రేపూ ఓటీపీ రాదు.

దీన్ని ఒక్క నిమిషంలో తేల్చే దారి ఉంది, హెల్ప్ డెస్కుల్లో ఇది అందరికీ నేర్పాలి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఆధార్ చెల్లుతుందో లేదో చూసే పేజీలో ఆధార్ నంబరు కొడితే, లింకైన ఫోన్ చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. ఆ మూడు అంకెలు చెప్పగానే ‘అది మా అల్లునిది’ అని గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. అప్పుడు అల్లుడికి ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకోవచ్చు. ఎవరిదో తెలియని నంబరైతే ఓటీపీ కోసం ఎదురుచూడటం దండగ. ఆధార్‌లో నంబరు మార్పించుకోవాల్సిందే, అది ఆ పూటకు అయ్యే పని కాదు.

ఆభా తీయడానికి ఓటీపీ ఒక్కటే దారి కాదన్నది చాలామందికి తెలియదు. దవాఖానాలో వేలిముద్రతోనూ, ముఖం చూపించీ చేయొచ్చు, సాఫ్ట్‌వేర్‌లో ఆ దారులు తెరిచి ఉంచితే. వేలిముద్రతో వచ్చే ఇబ్బందులకు కారణాలు స్పష్టం. సిమెంటు పని, గిన్నెలు తోమే పని చేసేవాళ్లకూ, పెద్దవాళ్లకూ వేలి గీతలు అరిగిపోతాయి. అప్పుడే శానిటైజర్ రాసుకున్న వేలు ఎండిపోయి యంత్రం మీద సరిగ్గా పడదు. వేలిని నీళ్లతో తుడిచి, కొంచెం ఆరనిచ్చి, గట్టిగా నొక్కకుండా ఆనిస్తే చాలాసార్లు పని అవుతుంది. బొటనవేలు చదవకపోతే మిగతా వేళ్లు ఒక్కొక్కటీ పెట్టించాలి, ఉంగరపు వేలు తక్కువ అరుగుతుంది. యంత్రం గాజును గంటకోసారి పొడిబట్టతో తుడవాలి. పిల్లల దవాఖానాల్లో ఇంకో సంగతి: ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే నీలిరంగు బాల ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. అక్కడ వేలిముద్ర యంత్రం ముందు పసిబిడ్డ చెయ్యి లాగడం వృథా, తల్లిదండ్రుల ఫోన్ ఒక్కటే దారి.

ఇవేవీ కుదరకపోతే? ఈ ప్రశ్నకు జవాబు చూసే ఒక దవాఖానా ఈ సేవను బాగా నడుపుతోందో లేదో చెప్పొచ్చు. బాగా నడిపేచోట ముందు చీటీ, తర్వాత ఆభా. పేరు, వయసు అడిగి చీటీ చేతిలో పెట్టి, డాక్టర్ గది ముందు కూర్చున్న సమయంలో ఆభా చేస్తారు. నడపడం రానిచోట ‘ఆభా తీసుకొని రాపో’ అని లైనులోంచి పక్కకు పంపుతారు. జ్వరంతో వచ్చిన మనిషిని అట్లా పంపడం ఏ నిబంధనలోనూ లేదు.

మనుషుల లెక్క కూడా వేసుకోవాలి. సాయంపట్టి ఆభా చేయించడానికి ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు అనుకున్నా, నాలుగు గంటల ఓపీలో ఒక మనిషి 34 మందికి మించి చేయలేడు. వందల్లో ఓపీ ఉండే చోట ఒక్క కుర్చీ, ఒక్క ట్యాబ్ వేసి ‘హెల్ప్ డెస్కు పెట్టాం’ అనడం లెక్క తెలియక చేసే పని. కనీసం ముగ్గురు కావాలి, అందులో ఒకరికి ఉర్దూ రావాలి, ఒకరు లైను వెంబడి తిరుగుతూ ఉండాలి.

పేర్లు, వయసులు

చేత్తో రాసే రిజిస్టర్‌లో లేని బాధ ఒకటి కంప్యూటర్‌తో వచ్చింది. ఆధార్‌లో పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో ఉంటుంది. ‘కేఎస్‌హెచ్’ పెట్టి రాసిన లక్ష్మి, ‘ఎక్స్’ పెట్టి రాసిన లక్ష్మి కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఇంటిపేరు ఒక చోట ముందుంటుంది, ఒక చోట వెనక ఉంటుంది, ఒక చోట ఒట్టి పొడి అక్షరం. పాత బస్తీలో మహమ్మద్ అన్న పేరుకు ఉన్నన్ని స్పెల్లింగులు మరో పేరుకు ఉండవు, కొందరి ఆధార్‌లో అది ‘ఎండీ’ అని రెండక్షరాలే. పోయిన ఏడాది చేత్తో ఎక్కించిన పేరూ, ఇప్పుడు ఆధార్ నుంచి వచ్చిన పేరూ కలవకపోతే కంప్యూటర్ కొత్త నంబరు పుట్టిస్తుంది. అప్పట్నుంచి ఒకే మనిషికి రెండు ఫైళ్లు. పాత ఎక్స్‌రే ఒకదాంట్లో, కొత్త రక్తపరీక్ష ఇంకోదాంట్లో.

వయసుదీ అదే కథ. పుట్టిన తేదీ తెలియనివాళ్ల ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉంటుంది, లేదా జనవరి 1 అని ఉంటుంది. అందుకే పేరూ పుట్టిన తేదీ రెండూ అచ్చంగా కలిస్తేనే పాత ఫైలు దొరికేలా ఉన్న సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికిరాదు. కౌంటర్‌లో కూర్చునేవాళ్లు కొత్త నంబరు ఇచ్చే ముందు ఫోన్ నంబరుతో, రెండేళ్లు అటూ ఇటూ వయసుతో ఒకసారి వెతకాలి. ‘ఇంతకుముందు ఇక్కడ చూపించుకున్నరా?’ అన్న ఒక్క ప్రశ్న సగం తలనొప్పి తగ్గిస్తుంది.

కరెంటు, నెట్, ప్రింటర్

ఈ సేవ ఆగిపోయే చోటు చాలాసార్లు ఢిల్లీ సర్వర్ కాదు, కౌంటర్ బల్ల కింద ఉంటుంది. కరెంటు పోతుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద బతికే ఉంటుంది. తెర వెలుగుతూనే ఉంటుంది, కానీ టోకెన్లు రావు. ఎందుకంటే ఫైబర్ నెట్ తెచ్చే చిన్న డబ్బా, దాని పక్కన ఉన్న నెట్‌వర్క్ స్విచ్ మామూలు ప్లగ్గులో పెట్టి ఉంటాయి, ఎక్కడో వరండా చివర. అవి ఆరిపోయాయి. జనరేటర్ అందుకునే ఒకటి రెండు నిమిషాలు, ఆ డబ్బా మళ్లీ లేచి నిలబడే రెండు మూడు నిమిషాలు కౌంటర్ మొద్దుబారిపోతుంది. ఇది రోజుకు మూడుసార్లు జరిగితే లైను ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు. ఆ డబ్బాకు 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ తగిలిస్తే తీరే సమస్య ఇది. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి. కంప్యూటర్ కోసం కోట్ల టెండర్లు వేసి ఈ చిన్న డబ్బాను మరిచిపోవడం చూస్తే బాధేస్తుంది.

600 వీఏ యూపీఎస్ ఒక కంప్యూటర్‌నూ మానిటర్‌నూ పది పదిహేను నిమిషాలు మోస్తుంది, బ్యాటరీ కొత్తదైతే. రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాలి. లేజర్ ప్రింటర్‌ను ఆ యూపీఎస్‌కే తగిలించడం చాలా చోట్ల చేసే తప్పు. కాగితం మీద పొడిని కరిగించే రోలర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, యూపీఎస్ కీచుమని కంప్యూటర్‌తో సహా ఆగిపోతుంది. ప్రింటర్‌ను వేరే ప్లగ్గులో పెట్టాలి.

చీటీకి ఏ ప్రింటర్ అన్నది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ రోగికి చాలా పెద్దది. బస్సు టికెట్‌లాంటి థర్మల్ కాగితం మీద చీటీ సెకనులో వస్తుంది, ఇంకు ఖర్చు లేదు. కానీ హైదరాబాద్ ఎండలకు, ప్లాస్టిక్ కవర్‌లో మడిచి పెట్టడానికి, శానిటైజర్ తడికి ఆ అక్షరాలు నిలవవు. మూడు నెలల తర్వాత షుగర్ మందుల కోసం అదే చీటీ పట్టుకొస్తే తెల్లకాగితం మిగులుతుంది. టోకెన్‌కు థర్మల్ ఓకే. డాక్టర్ రాసే ఓపీ చీటీకి మాత్రం మామూలు కాగితం, లేజర్ ప్రింటే ఉండాలి, ఇందులో రెండో మాట లేదు.

నెట్ వేగం గురించి అనవసరంగా భయపెడతారు. పేరూ వయసూ తెచ్చుకోవడానికి పెద్ద లైను అక్కర్లేదు. కావాల్సింది వేగం కాదు, తెగని నెట్: ఫైబర్ తెగితే దానంతటదే సిమ్ మీదికి మారే రూటరు ఒకటి, ఆ సిమ్ రీచార్జి గుర్తుపెట్టుకునే మనిషి ఒకరు.

డాక్టర్ గదిలో ఏమవుతుంది

రోగులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్కాన్ చేసి షేర్ నొక్కితే డాక్టర్‌కు పాత జబ్బుల చరిత్రంతా వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. ఆ షేర్‌తో వెళ్లేవి పేరు, వయసు, చిరునామా లాంటివే. పాత రికార్డులు చూడాలంటే డాక్టర్ వైపు నుంచి వేరుగా అనుమతి అడగాలి, అది రోగి యాప్‌లోకి వస్తుంది. అందులో ఎందుకోసం అడుగుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రకం కాగితాలు, అనుమతి ఎప్పటి వరకు అన్నవి ఉంటాయి. వాటిని తగ్గించి ఇవ్వొచ్చు, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. ఈ భాగం చాలా బాగా ఆలోచించి చేశారు, మెచ్చుకోవాలి. మొత్తం ఇవ్వడమో, అసలు ఇవ్వకపోవడమో అన్నట్టు కాకుండా ‘ఈ ఆర్నెల్ల రక్తపరీక్షలు మాత్రమే’ అని ఇవ్వగలగడం రోగికి దక్కిన గౌరవం.

అయితే అనుమతి ఇచ్చినా చూపించడానికి అక్కడ రికార్డు ఉండాలి కదా. దవాఖానా సాఫ్ట్‌వేర్ ఈ డిజిటల్ మిషన్‌తో కలవడానికి మూడు మెట్లు ఉన్నాయి, ఈ రంగంలోవాళ్లు ఎం1, ఎం2, ఎం3 అంటారు. ఎం1 అంటే ఆభా తీయడం, సరిచూడటం. ఎం2 అంటే చీటీలు, రిపోర్టులు రోగి ఖాతాకు కలపడం. ఎం3 అంటే వేరే చోటి రికార్డులు అనుమతితో తెచ్చి చూపించడం. సాఫ్ట్‌వేర్ ఎం1 దగ్గరే ఆగితే స్కాన్ చక్కగా అవుతుంది, టోకెన్ వస్తుంది, ఏడాది తర్వాత యాప్ తెరిస్తే ఖాతా మాత్రం ఖాళీగా ఉంటుంది. మీ దవాఖానా ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడం సులువు: చూపించుకున్న రెండు మూడు రోజులకు యాప్‌లో ఆ రోజు చీటీ కనిపిస్తే ఎం2 నడుస్తున్నట్టు.

మెట్టు ఉన్నా ఎక్కించే తీరిక ఉండాలి. నాలుగు గంటల్లో వంద మందిని చూసే డాక్టర్‌కు ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు కూడా రాదు. అందులో బీపీ చూసి, మాట విని, మందులు రాసి, మళ్లీ టైపు చేయమంటే కుదరదు. చేత్తో రాసిన చీటీని ఫార్మసీ కిటికీ దగ్గర ఫొటో తీసి రోగి ఖాతాకు కలపడం ఇప్పటికి పనికొచ్చే దారి. వెతకడానికి అక్షరాలు దొరకవు, నిజమే. కానీ ఖాళీ ఖాతా కంటే ఫొటో వెయ్యి రెట్లు మేలు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తన సొంత ‘ఐస్మార్ట్’ సాఫ్ట్‌వేర్‌లో రికార్డులు నడుపుకుంటోంది. అక్కడ పరీక్షలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో, ఏ గడిలో ఏం రాయాలో తేల్చి చేసుకున్నారు. అన్ని జబ్బులూ వచ్చే జనరల్ ఓపీకి అట్లాంటిది చేయడం చాలా కష్టం, ఆ తేడా గుర్తుంచుకుని మార్కులు వేయాలి.

రక్తం గొట్టం మీద బార్‌కోడ్

ఓపీ తర్వాత రోగి ఎక్కువగా వెళ్లేది ల్యాబుకు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో కేంద్ర ల్యాబుతో మొదలైంది. బస్తీ దవాఖానాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో రక్తం తీసి, వాహనంలో కేంద్రానికి పంపి, ఫలితం ఫోన్‌కు పంపే పద్ధతి. మొదట 57 రకాల పరీక్షలు, 2023లో వాటిని 134కు పెంచారు. ఉచితంగా ఇన్ని పరీక్షలు గల్లీ చివర దొరకడం చిన్న విషయం కాదు.

ఇక్కడ డిజిటల్ అంతా గొట్టం మీద అతికించే ఒక చిన్న కాగితం ముక్క మీద నిలబడి ఉంది. ఊదా మూత గొట్టం రక్తకణాల లెక్కకూ, మూడు నెలల షుగర్‌కూ. బూడిద రంగు మూత మామూలు షుగర్‌కు. ఎర్రది, పసుపుది కాలేయం, కిడ్నీ, థైరాయిడ్‌కు. మూడింటికీ మూడు బార్‌కోడ్‌లు. స్టిక్కర్‌ను గొట్టం పొడవునా నిటారుగా, ముడత లేకుండా అతికించాలి. గొట్టం చుట్టూ తిప్పితే గీతలు వంపు వెనక్కి పోయి యంత్రం చదవలేదు. అప్పుడు అక్కడ ఎవరో చేత్తో నంబరు కొట్టాలి, తప్పు పడేది అక్కడే. మూత మీదికి ఎక్కించకూడదు, రక్తం ఎంత ఉందో కనిపించే సందు వదలాలి. ముందే స్టిక్కర్లు అతికించిన ఖాళీ గొట్టాలు పేర్చుకుని రక్తం తీయడం ఇంకా ప్రమాదం, ఒకరిది ఒకరికి పోతుంది. రక్తం తీశాక, రోగి కుర్చీలో ఉండగానే, పేరు వాళ్ల నోటితో చెప్పించి అతికించాలి. షుగర్ గొట్టంలో ఫ్లోరైడ్ ఎందుకంటే, మామూలు గొట్టంలో వేరుచేయకుండా ఉంచిన రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తినేస్తాయి, ఫ్లోరైడ్ దాన్ని అడ్డుకుంటుంది. మామూలు గొట్టంలో తీసి పంపితే, ట్రాఫిక్‌లో వాహనం రెండు గంటలు ఆలస్యమైనప్పుడు షుగర్ ఉన్న మనిషికి లేనట్టు చూపించొచ్చు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఆ తప్పు అంకెను అంతే నమ్మకంగా ఫోన్‌కు పంపుతుంది.

ఒకే నర్సు, ఎన్ని పోర్టళ్లు

బస్తీ దవాఖానాలు నగరంలో 2018లో మొదలయ్యాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉండే చిన్న గది. అక్కడ సెల్లు లైను అనేదే అక్కర్లేదు, నర్సుకు చాలామంది ముఖాలు తెలుసు. అక్కడి కష్టం వేరు. టీబీకి నిక్షయ్, టీకాలకు యూవిన్, బీపీ షుగర్‌కు ఎన్‌సీడీ పోర్టల్, గర్భిణులకు ఆర్‌సీహెచ్, ఇప్పుడు ఆభా. ఒకే మనిషి పేరు, వయసు, చిరునామా వీటిలో వేర్వేరుగా ఎక్కించాల్సి వస్తే నర్సు చెయ్యి రోగి మణికట్టు మీద కంటే కీబోర్డు మీదే ఎక్కువ ఉంటుంది. వీటన్నింటికీ ఆభా నంబరే ఉమ్మడి తాళంచెవి కావాలన్నది మంచి ఆలోచన. ఒకచోట కొట్టింది ఇంకోచోట కనిపించినప్పుడే నర్సుకు దాని లాభం తెలుస్తుంది. దవాఖానాలకు ఒక లెక్క దాటాక కలిపే ప్రతి రికార్డుకు 20 రూపాయల ప్రోత్సాహకం 2023 జనవరిలో మొదలైంది. ఆ డబ్బులో కొంత ఈ నర్సు పక్కన ఒక డేటా ఎంట్రీ మనిషిని పెట్టడానికి ఖర్చు చేయాలని మా గట్టి అభిప్రాయం.

పెద్ద డాక్టర్ సలహా వీడియోలో తీసుకునే ఈ-సంజీవని కూడా ఇదే గదిలో నడుస్తుంది. దీన్ని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ మొహాలీ శాఖ తయారు చేసింది, 2019 నవంబరులో మొదలైంది. చర్మం జబ్బులకు, మానసిక ఆరోగ్యానికి బాగా పనికొస్తుంది. కెమెరాను కిటికీకి ఎదురుగా పెట్టకూడదన్న ఒక్క జాగ్రత్త తీసుకోండి: వెనక వెలుతురు ఉంటే అవతలి డాక్టర్‌కు మచ్చ కాదు, నల్లటి నీడ కనిపిస్తుంది.

నెట్ లేని రోజు

ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం మొదలైన ‘బహ్మ్‌నీ’ సాఫ్ట్‌వేర్ ఆసుపత్రి గోడల లోపలే సొంత సర్వర్ మీద నడుస్తుంది. బయటి నెట్ తెగినా పని ఆగదు. పేద దేశాల ఆసుపత్రులకు ఏది పనికొస్తుందో తెలిసి చేసిన పద్ధతి అది. పూర్తిగా బయటి నెట్ మీద ఆధారపడ్డ కౌంటర్‌కు మాత్రం కాగితం దారి సిద్ధంగా ఉండాలి: ముందే నంబర్లు అచ్చువేసిన ఓ 200 చీటీల కట్ట, ఒక రిజిస్టర్, ‘పది నిమిషాలు ఆగితే కాగితం మీదికి మారాలి’ అని గోడ మీద రాసిన నిర్ణయం. ఎవరు నిర్ణయించాలో తెలియక సూపర్‌వైజర్ కోసం చూస్తూ కూర్చోవడమే అసలు ఆలస్యం. నెట్ వచ్చాక ఆ చీటీలను కంప్యూటర్లో ఎక్కించడానికి మధ్యాహ్నం ఒక మనిషి ఉండాలి, లేకపోతే ఆ పూట వచ్చినవాళ్లంతా లెక్కల్లో లేనివాళ్లవుతారు.

మార్కులు వేయమంటే యాప్‌కూ, అనుమతి పద్ధతికీ పదికి ఎనిమిది. కౌంటర్ దగ్గర అమలుకు, హెల్ప్ డెస్కు మనుషులు సరిపడా ఉన్నచోట ఏడు, లేనిచోట మూడు. రికార్డు నిజంగా ఖాతాలోకి చేరడానికి ఇప్పటికి నాలుగు మించి వేయలేం.

వెళ్లేవాళ్లు యాప్ ఇంట్లోనే సిద్ధం చేసుకోండి, ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకోండి, పాత చీటీ తప్పకుండా తీసుకెళ్లండి. దాని మీది నంబరుతో పాత ఫైలు దొరుకుతుంది. కొత్త చీటీ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి దాని మీది ఫోన్ నంబరు చదవండి. చదవడం రాకపోతే చివరి నాలుగు అంకెలు చదివి చెప్పమని అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీది కాకపోతే అప్పుడే మార్పించండి. రక్తం తీసి బార్‌కోడ్ పడ్డాక ఓపీలో నంబరు మార్చినా చాలా సాఫ్ట్‌వేర్లలో ల్యాబు వైపు పాతదే ఉండిపోతుంది, రిపోర్టు ఆ పాత సిమ్‌కే పోతుంది.